క్లాప్ కొట్టడానికేనా ఆడపిల్లలు?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ విశాఖ సిటీ పేజీలో ఈమధ్య ఒక ఫొటో వేశారు. స్కూళ్ల మధ్య జరిగిన షార్ట్ ఫిల్మ్ పోటీలో మొదటి బహుమతి వచ్చిన పిల్లలది. ముందు వరసలో షీల్డు పట్టుకుని ఇద్దరమ్మాయిలు, వెనక అబ్బాయిలు, పక్కన కరస్పాండెంటు గారు. కింద 'సత్తా చాటిన బాలికలు' అని రాశారు. మీ విలేకరిని తప్పుపట్టడం లేదు, స్కూలువాళ్లు ఇచ్చిన కాగితంలో అదే ఉండి ఉంటుంది. కాకపోతే ఆ సినిమా నేను చూశాను. మా అమ్మాయి ఆ స్కూలు ఫిల్మ్ క్లబ్బులోనే ఉంది. చివర్లో పేర్లు పడేటప్పుడు అందరూ లేచి చప్పట్లు కొడతారు కదా, నేను మాత్రం కూర్చుని పేర్లు చదువుతాను. నా పని అలాంటిది. దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్, సౌండు, లైటింగు... ఒక్కోదాని ఎదురుగా ఒక్కో అబ్బాయి పేరు, ఇంటిపేరుతో సహా. ఆ తరవాత నటీనటులు. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఒకే ఒక్క లైను: 'సహకారం - తొమ్మిదో తరగతి బాలికలు'.

ఇంతకీ ఆ సినిమా దేని గురించి అంటే, ఆడపిల్లని చదివించాలని.

గాజువాకలో మాకు చిన్న స్టూడియో ఉంది. మా ఆయన కెమెరా పట్టుకుని పెళ్లిళ్లకు వెళ్తారు. నేను షాపులో కూర్చుని వీడియో మిక్సింగ్, ఆల్బమ్ డిజైనింగ్ చేస్తాను. క్యాసెట్ల కాలం నుంచీ ఇదే పని. జీలకర్ర బెల్లం దగ్గర ఎంతసేపు ఆగాలో, అలిగిన మేనమామ మొహాన్ని ఎక్కడ కోసెయ్యాలో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఊళ్లో ఇలాంటి షాపులు చాలావాటిలో లోపలి గదిలో సిస్టమ్ ముందు కూర్చునేది ఆడవాళ్లే, బయట బోర్డు మీద ఫోన్ నంబరు మగవాళ్లది. ఆ బాధ చెప్పుకోవడానికి కాదు ఈ ఉత్తరం. ఎడిటింగ్ నేర్పడానికి పేరెంట్స్‌లో ఎవరైనా రాగలరా అని స్కూలువాళ్లు అడిగితే నేను వెళ్లాను. అందుకే లోపల ఏం జరుగుతుందో చూడగలిగాను. అది చెబుదామనే.

కంప్యూటర్ ల్యాబులో సిస్టమ్‌కి ఇద్దరు చొప్పున కూర్చోబెట్టారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. సారు మంచివారే, ఇద్దరికీ సమానంగా రావాలనే అలా కూర్చోబెట్టారు. కానీ ఏ సిస్టమ్ దగ్గర చూసినా మౌస్ అబ్బాయి చేతిలో ఉంది, అమ్మాయి చేతిలో నోట్‌బుక్కు, పెన్ను. అలా పంచుకోమని ఎవరూ చెప్పలేదు. కూర్చోగానే వాళ్లంతట వాళ్లే అలా సర్దుకున్నారు. నేను 'క్లిప్పు మొదలయ్యేచోట ఐ నొక్కండి, అయిపోయేచోట ఓ నొక్కండి' అంటుంటే అబ్బాయిలు నొక్కుతున్నారు, అమ్మాయిలు రాసుకుంటున్నారు. క్లాసు అయ్యేసరికి అబ్బాయిలకి చెయ్యి అలవాటైంది, అమ్మాయిలకి పుస్తకం నిండింది.

తరవాతి క్లాసులో మౌస్ అమ్మాయిలకిమ్మన్నాను. కిటికీ పక్కన కూర్చున్న ఒక పిల్లకి క్లిప్పుని టైమ్‌లైన్ మీదికి, అంటే క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ మీదికి, లాగడం కూడా రాలేదు, రెండుసార్లు జారిపోయింది. పక్కనున్న కుర్రాడు 'మేడమ్, తనకి రాదు, నేను చేసేస్తా' అని మౌస్ అందుకోబోయాడు. సాయం చేద్దామనే పాపం. నేను ఆగమన్నాను. ఆ రోజు ఇచ్చిన పని చిన్నది. ఒక ముసలావిడ మంచినీళ్ల గ్లాసు అందుకుని తాగుతుంది. దూరం నుంచి ఒక షాటు, దగ్గరగా ఒక షాటు. రెండూ అతకాలి. దాదాపు అందరూ ఆవిడ గ్లాసు పట్టుకున్నాక, చెయ్యి ఆగినచోట కట్ చేశారు. చూస్తే తప్పేమీ లేదు, కానీ అతుకు కనబడుతుంది. ఈ పిల్ల మాత్రం చెయ్యి గ్లాసు వైపు కదులుతుండగానే మధ్యలో కోసి, మిగతా సగం కదలికని దగ్గర షాటులోంచి తీసుకుంది. ఎక్కడ కట్ అయిందో నా కంటికే దొరకలేదు. కదలిక మీద కట్ చెయ్యడం నేను వాళ్లకి ఇంకా నేర్పలేదు, పై క్లాసులో చెబుదామనుకున్నాను. ఎలా తెలిసిందమ్మా అని అడిగితే, 'మా అమ్మమ్మ సీరియల్స్ చూస్తుంటే గమనించానండి' అంది.

ఆ పిల్లకి క్లబ్బులో ఇచ్చిన పని ఏంటో తెలుసా? కాస్ట్యూమ్స్. అంటే ఇస్త్రీ బట్టలు కవర్లో పెట్టుకుని తిరగడం.

మా అమ్మాయికి క్లాప్ కొట్టడం, కంటిన్యుటీ రాసుకోవడం. 'అమ్మాయిలకి ఓపిక ఎక్కువండి, నీట్‌గా రాస్తారు' అన్నారు సారు. కంటిన్యుటీ చిన్న పనేమీ కాదు. ఒక సీన్లో ఉన్న బొట్టు తరవాతి సీన్లో లేకపోతే చూసేవాళ్లు నవ్వుతారు. మా అమ్మాయి పుస్తకం నేను చూశాను. 'సీన్ 4. జడ ఎడమ భుజం మీద. రిబ్బను ఎరుపు. వాచీ లేదు. వెనక గోడ మీద క్యాలెండరు - నెల కనబడుతోంది, తీసెయ్యాలి' అని రాసుకుంది. ఆ క్యాలెండరు సంగతి డైరెక్టరు బాబుకి గానీ, కెమెరా బాబుకి గానీ తట్టలేదు. అంత చూసే కన్నుకి ఆ క్లబ్బు పెట్టిన ఏడాది నుంచీ ఒక్కసారైనా కెమెరా వ్యూఫైండరు దొరకలేదు. అడిగితే 'నెక్స్ట్ టైమ్' అంటారట.

బీచ్ సీను సంగతి కూడా చెప్పాలి. తెన్నేటి పార్కు దగ్గర పొద్దున్నే షూటింగు పెట్టుకున్నారు. వైజాగ్‌లో పెళ్లి వీడియోలు తీసే ఎవర్నడిగినా చెబుతారు, మన సముద్రం ఉన్నది తూర్పు వైపు. పొద్దున పూట మనిషిని సముద్రం ముందు నిలబెట్టి తీస్తే సూర్యుడు వెనక ఉంటాడు, మొహం నల్లగా పడుతుంది. మనిషిని కాస్త పక్కకి తిప్పాలి, లేదా ఎదర రిఫ్లెక్టరు పట్టాలి. అది లేనివాళ్లు థర్మకోల్ షీటు పట్టుకుంటారు. మా అమ్మాయి పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఈ మాటలే వింటోంది. 'ట్రైపాడ్ ఇటు పక్కకి పెట్టండి, లేకపోతే ఫేసు రాదు' అని చెప్పిందట. 'నువ్వు క్లాప్ చూసుకో చాలు' అన్నాడట కెమెరా బాబు. ఫుటేజీ నా దగ్గరికి వచ్చింది. హీరోయిన్ మొహం లేదు, నీడ ఉంది. వెలుగు పెంచితే మొహం నిండా గింజలు గింజలుగా నాయిస్. గాలికి మైకులో హోరు. అక్కడ కాలర్ మైకుకి కనీసం స్పాంజి కూడా పెట్టలేదు. సరే, ఆ సీను మళ్లీ తీశారు. ఈసారి సాయంత్రం పెట్టుకున్నారు, ఎండ ఊరి వైపు నుంచి వస్తుంది కాబట్టి. పనిలో పనిగా ట్రైపాడ్ మా అమ్మాయి చెప్పిన చోటే పెట్టారు. ఆ రీషూట్‌కి నటించే పిల్లని తప్ప అమ్మాయిలెవర్నీ పిలవలేదు. సాయంత్రం కదా, చీకటిపడుతుంది, ఎందుకులే రిస్కు అని.

ఆ రిస్కు అనే మాట దగ్గరే నాకు కోపం వస్తుంది. అవుట్‌డోర్ షూటింగ్ అంటే అమ్మాయిల తల్లిదండ్రులకి ఒక ఫారం ఇస్తారు. సంతకం పెట్టాలి, వెంట పెద్దవాళ్లెవరు వస్తారో రాయాలి, ఎన్నింటికి తీసుకెళ్తారో రాయాలి. అబ్బాయిల ఇంటికి వాట్సాప్‌లో ఒక మెసేజ్. నేను ఆడపిల్ల తల్లిని, భయం లేదని బడాయి చెప్పను. బీచ్ రోడ్డులో పిల్లలు కెమెరా పెట్టగానే చుట్టూ పోకిరీలు చేరి కామెంట్లు చేస్తారు, నిజమే. కానీ సముద్రంలో గల్లంతైన కుర్రాళ్ల వార్తలు మీ పేపర్లోనే ఎన్ని చదవలేదు? అలకి అబ్బాయి, అమ్మాయి అని తేడా లేదు. ఫారం పెడితే ఇద్దరికీ పెట్టండి, పెద్దవాళ్లు తోడు వెళ్తే ఇద్దరికీ వెళ్లండి. ఒకళ్లని ఇంట్లో కూర్చోబెట్టి, ఇంకొకళ్లని గాలికి వదిలేసి దానికి సేఫ్టీ అని పేరు పెడితే ఎలా?

ఇంకో సాకు బరువు. 'గింబల్ బరువండి, అమ్మాయిలు మొయ్యలేరు.' గింబల్ అంటే కెమెరా ఊగకుండా పట్టుకునే పిడి. పెళ్లిళ్లకి మేం వాడే కెమెరా, లెన్సు, గింబల్ అన్నీ కలిపినా మూడు కిలోలు అటూ ఇటూ. స్కూల్లో ఉన్నది అంతకన్నా చిన్నది. సగం సీన్లు ఫోన్‌తోనే తీశారు. తొమ్మిదో తరగతి పిల్లల బ్యాగు 4.5 కిలోలు దాటకూడదని 2020లో కేంద్రం స్కూల్ బ్యాగ్ పాలసీలో చెప్పింది. అంటే అంతవరకూ మొయ్యొచ్చనే కదా. మా అమ్మాయి బ్యాగు రోజూ అంతకన్నా ఎక్కువే తూగుతుంది, దాని గురించి ఎవరూ జాలిపడలేదు. ఇదే ఊళ్లో ఫిషింగ్ హార్బర్‌లో చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సెక్కే ఆడవాళ్లని మనం రోజూ చూస్తూనే ఉన్నాం.

హార్బర్ అంటే గుర్తొచ్చింది. క్లబ్బులో ఒక పిల్ల వాళ్ల నాన్న మరబోటు మీద వేటకి వెళ్తాడు, అమ్మ చేపలు అమ్ముతుంది. ఆ పిల్ల ఒక కథ రాసింది. తెల్లవారుజామున బోట్లు రాగానే వేలంలో వాళ్లమ్మ బేరమాడటం, వాళ్లమ్మకి లెక్కలు రావని ఈ పిల్ల ఫోన్‌లో డబ్బులు చూసి చెప్పడం, అక్కణ్నుంచి యూనిఫాం వేసుకుని స్కూలుకొస్తే వాసన వస్తోందని ఎవరో ముక్కు మూసుకోవడం. నాకు చదువుతుంటేనే షాట్లు కనబడ్డాయి. 'ఇందులో మెసేజ్ ఏముందమ్మా?' అన్నారట. పైగా అంత పొద్దున్నే హార్బర్‌కి అమ్మాయిలు ఎలా వెళ్తారని. ఆ పిల్ల రోజూ వెళ్తున్న చోటికి! చివరికి ఒప్పుకున్న కథ ఏంటంటే, తాగుబోతు తండ్రి కూతురి చదువు మాన్పిస్తాడు, కూతురు ఏడుస్తుంది, క్లాస్‌మేట్ అబ్బాయి వచ్చి డైలాగులు చెప్పి తండ్రి కళ్లు తెరిపిస్తాడు. కూతురు మళ్లీ ఏడుస్తుంది, ఈసారి సంతోషంతో. జడ్జీలకి బాగా నచ్చింది.

అబ్బాయిలకి కూడా ఇందులో మేలేమీ లేదు. ఆ గుంపులో ఒక కుర్రాడికి బట్టలు, రంగులు, మేకప్ అంటే ఇష్టం, బొమ్మలు భలే వేస్తాడు. కాస్ట్యూమ్స్ నేను చూస్తానన్నాడు. మిగతావాళ్లు ఒక వారం ఏడిపించి వదిలిపెట్టారు. ఇప్పుడు లైటు స్టాండు పట్టుకుని నిలబడుతున్నాడు, ఇష్టం లేకుండా.

ఒకరోజు క్లాసులో ఒక కుర్రాడు 'లేడీస్ కెమెరామెన్ అసలు ఉంటారా మేడమ్?' అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే తెలియక. బి.ఆర్.విజయలక్ష్మి గారి గురించి చెప్పాను. దర్శకుడు బి.ఆర్.పంతులు గారి అమ్మాయి, 1980ల్లోనే మద్రాసులో సినిమాలకి ఛాయాగ్రహణం చేసిన మనిషి, ఆసియాలోనే తొలి మహిళా ఛాయాగ్రాహకురాలని పేరు. ఆ కాలంలో కెమెరాలు ఇప్పటిలా అరచేతిలో ఇమిడేవి కావు. తరవాత పిల్లలు ఒకటొకటే అడగడం మొదలుపెట్టారు. భానుమతి గారు 1953లోనే చండీరాణిని మూడు భాషల్లో డైరెక్ట్ చేశారంటే నమ్మలేదు. సావిత్రి 1968లో చిన్నారి పాపలు తీశారంటే, 'సావిత్రి యాక్టర్ కదా మేడమ్' అన్నారు. విజయనిర్మల గారు ఎక్కువ సినిమాలు తీసిన దర్శకురాలిగా 2002లో గిన్నిస్ కెక్కారని చెబితే ఫోన్లో వెతుక్కుని చూశారు. ఆస్కార్‌లో ఛాయాగ్రహణానికి ఒక మహిళ, రేచల్ మోరిసన్, తొలిసారి నామినేట్ అయింది 2018లో అని కూడా చెప్పాను. అది తొంభయ్యో ఆస్కార్ వేడుక. మన స్కూళ్లనే అని ఏం లాభం అనిపించింది నాకే.

వైజాగ్‌కి సినిమా కొత్త కాదు. 1978లో మరో చరిత్ర తీసిన నాటి నుంచీ, అంతకు ముందు నుంచీ కూడా, మన బీచీ, భీమిలీ తెర మీద కనబడుతూనే ఉన్నాయి. 2018లో కేరాఫ్ కంచరపాలెం వచ్చినప్పుడు ఆ పేటలో మనుషులే నటించారు, దాని నిర్మాత కూడా ఒక మహిళే. ఇక్కడ పుట్టిన ఆడపిల్ల 'నేను కెమెరా నేర్చుకుంటా' అంటే వింతగా చూడాల్సిన ఊరు కాదు ఇది.

స్కూలుని ఒక్కదాన్నే అంటే అన్యాయం. ఇంట్లో మేం ఏం తక్కువ? 'ఎండలో నల్లబడిపోతుందండి' అని సంతకం పెట్టని తల్లులున్నారు. మా అత్తగారైతే 'ఆడగుంటకి కెమెరా ఏటే, సదువుకోమనక' అంటారు. కొడుకు కెమెరాతో సంపాదించి తెచ్చిన డబ్బుతోనే ఇల్లు నడుస్తోందని ఆవిడకి తెలుసు, అయినా అంటారు. ఆవిడ భయం ఒకటే, సినిమా మనుషుల్లో పడితే పిల్ల ఏమైపోతుందో అని. ఆ భయాన్ని కొట్టిపారెయ్యలేను. కేరళలో సినిమాల్లో పనిచేసే ఆడవాళ్ల పరిస్థితుల మీద జస్టిస్ హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికొచ్చింది. వేధింపుల సంగతి అలా ఉంచండి, షూటింగు జరిగేచోట ఆడవాళ్లకి టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గదులు కూడా ఉండవని అందులో ఉంది. మా పిల్లల షూటింగులోనూ అదే. భీమిలి దగ్గర ఒక పూటంతా తీశారు, టాయిలెట్ ఎక్కడుందో ముందు ఎవరూ చూడలేదు. అమ్మాయిలు మధ్యాహ్నం దాకా నీళ్లు తాగకుండా ఉన్నారు. అప్పుడు ఒక మేడమ్ వెంట వెళ్లి ఉంటే మొదట ఆ సంగతే చూసేది. క్లబ్బుకి ఇన్‌ఛార్జిగా ఇద్దరు సార్లే ఉన్నారు, మేడమ్ ఒక్కరూ లేరు.

ఇంకొకటి, కాస్త డబ్బు మాట. ఇప్పుడు ఓణీల ఫంక్షనైనా, సీమంతమైనా, మెటర్నిటీ షూటైనా, పెళ్లికూతుర్ని చేసే గదిలో షాట్లయినా, మాకు ఫోన్ చేసి మొదట అడిగే ప్రశ్న 'లేడీ ఫొటోగ్రాఫర్ ఉన్నారా?' అని. ఉన్న కొద్దిమందీ సీజన్లో దొరకరు, మామూలు కెమెరామ్యాన్ కన్నా ఎక్కువ ఇస్తామన్నా దొరకరు. మా ఆయన తలుపు బయట నిలబడి, నేను లోపలికెళ్లి తీసిన సందర్భాలున్నాయి. చేతినిండా పని ఉన్న చోట మనుషులు లేరు, అటు చూస్తే నేర్చుకుంటానన్న పిల్లలకి క్లాప్ బోర్డు ఇచ్చి నిలబెడుతున్నాం.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఒక సినిమాకి కెమెరా పట్టినవాళ్లు తరవాతి సినిమాకి కంటిన్యుటీ రాయాలి, కంటిన్యుటీ రాసినవాళ్లు కెమెరా పట్టాలి. వచ్చినవాళ్లకే ఇస్తామంటే రానివాళ్లకి ఎప్పటికీ రాదు. క్లబ్బు కెమెరాని ఎవరు ఎప్పుడు తీసుకున్నారో ఒక రిజిస్టరు పెట్టండి. లైబ్రరీ పుస్తకానికి పెడతాం కదా, కెమెరాకి పెట్టలేమా? నెలాఖరుకి ఆ రిజిస్టరు చూస్తే ఎవరూ ఎవరితోనూ వాదించక్కర్లేదు. టైటిల్స్‌లో ఎవరి పేరు వాళ్లకి వెయ్యండి, 'బాలికలు' అని గుంపుగా కాదు. పోటీలు పెట్టేవాళ్లు కూడా ఎంట్రీ ఫారంలో ఎవరు ఏ పని చేశారో రాయించుకోవాలి, జడ్జీలు అది చదవాలి. మా జిల్లా విద్యాశాఖ అధికారులు తలుచుకుంటే ఇదంతా ఒక సర్క్యులర్‌తో అయ్యే పని. 2020 జాతీయ విద్యా విధానంలో బాలికల కోసం ప్రత్యేకంగా జెండర్ ఇంక్లూజన్ ఫండ్ అని రాశారు. పెద్ద విషయాలకి ఆ నిధి ఉండనివ్వండి. మౌస్ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చడానికి పైసా ఖర్చు లేదు.

బహుమతి వచ్చిన సందర్భంలో ఇలా రాస్తే అసూయ అనుకుంటారని మా ఆయన వద్దన్నారు. ఆ సినిమా తీసిన అబ్బాయిల మీద నాకు కోపం లేదు, వాళ్లలో ఇద్దరు ముగ్గురికి మంచి చెయ్యి ఉంది. వాళ్లకి కెమెరా ఎవరిదని ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకున్నారంతే. మా షాపు బోర్డు కూడా చూసే ఉంటారు.

విశాఖలో ఏ ప్రభుత్వ పాఠశాలలోనైనా పిల్లలకి ఎడిటింగ్, కెమెరా నేర్పాలనుకుంటే నేను ఉచితంగా వచ్చి నేర్పుతాను, శనివారం మధ్యాహ్నాలు. పాత కెమెరా ఒకటి, ట్రైపాడ్ ఒకటి నా వెంట తెస్తాను. మీ ఆఫీసులో నా నంబరు ఇచ్చి ఉంచుతున్నాను, అడిగిన హెడ్మాస్టర్లకి ఇవ్వగలరు. మాఘం, వైశాఖం ముహూర్తాల్లో మాత్రం కుదరదు, ముందే చెబుతున్నాను. స్కూళ్లు తెరిచి క్లబ్బులు వేసేది ఎలాగూ ఆషాఢం చుట్టుపక్కలే. అప్పుడు పెళ్లిళ్లుండవు, నేను ఖాళీ.

ఇట్లు,
ఒక వీడియో ఎడిటర్,
గాజువాక, విశాఖపట్నం.

(మా అమ్మాయి ఇంకా అదే స్కూల్లో చదువుతోంది కాబట్టి నా పేరు, స్కూలు పేరు వెయ్యవద్దని మనవి.)